ప్రతి ముక్క మీదా అదే దెబ్బ

మా కోరుట్ల సంఘంలో నెలకు ఒకసారి ప్రభువు బల్ల ఆచరిస్తాం. బల్ల ముందు నడుమెత్తు చెక్క కటకటం ఉంటుంది. దాని వెంట వరుసగా మోకాళ్లూని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. మోకాళ్ల కింద మెత్తలు చాలాకాలంగా ముతక గుడ్డవే. వానాకాలం వస్తే అవి ముక్కిపోయేవి. పశ్చాత్తాపంతో తల వంచిన మనిషికి ముందుగా తగిలేది ఆ వాసనే. స్త్రీల సమాజంలో ఈ మాట వచ్చిన ప్రతిసారీ పండుగ లోపల మార్చాలి అనుకునేవాళ్లం, పాట పాడి లేచిపోయేవాళ్లం.

చివరికి ఆ పని మాలో ఒకామె కొడుకు చేశాడు. అతను దుబాయిలో సోఫాలకూ కారు సీట్లకూ తొడుగులు కుట్టే షాపులో పనిచేస్తాడు. తల్లి ఫోన్‌లో కొలతలు చెప్పింది. అతను సెలవుకు వచ్చినప్పుడు ఆ కొలతకు కోసిన ముక్కలు ఒక కట్టగా తెచ్చి, తల్లికిచ్చి వెళ్లాడు. ముదురు గోధుమరంగు, సన్నని మెరుపు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఆ కట్టను ముందు బెంచీ మీద పెట్టి విప్పింది.

"ఒరిజినల్ లెదర్. నా కొడుకు వాళ్ల సేటునడిగి తెచ్చిండు," అన్నది.

వెనక నుంచి ఒకామె చెయ్యి చాచి పట్టి చూసింది. ఆమె భర్త ఆటో నడుపుతాడు. "రెగ్జిన్ తీర్గ లేదూ? మా ఆటోల సీటు అచ్చం గిట్లనే ఉంటది."

"మీ ఆటోల గీ వాసనొస్తదానే? ముక్కు పెట్టి సూడు."

"మా ఆటోల డీజిల్ వాసనే వస్తది గని, దేవుని కాడికి దుబాయి వాసన ఎందుకే?"

అందరూ నవ్వారు. తెచ్చినామె నవ్వలేదు. "ఉండుండ్రి. తోలు సంగతి తెలిసినోళ్లే చెప్తరు," అని మా పెద్దబాపును పిలిచింది.

పెద్దబాపు మా నాన్నకు అన్న. మా తాతలది తోలు పని. ఇంటి వెనక లంద ఉండేదట, అంటే తోళ్లను సున్నంలోనూ ఆ తరువాత తంగేడు చెక్క నీళ్లలోనూ నానబెట్టే గుంత. పెద్దబాపు ఆ గుంత దగ్గరే పని నేర్చుకున్నాడు. మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టాడు. కరెంటు మోటర్లు వచ్చాక చెప్పులు కుట్టాడు. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక బస్టాండు దగ్గర కూర్చుని సంచులూ జిప్పులూ బాగుచేశాడు. ఇప్పుడు ఏ పనీ చెయ్యడు. సంఘంలో ఏ పదవీ ఎన్నడూ తీసుకోలేదు. కానీ ఆయన ఒక మాట అంటే ఆగి వింటారు. తెలియనిదాన్ని తెలుసునని ఆయన అనగా ఎవరూ వినలేదు మరి.

పై ముక్కను ఒడిలో వేసుకున్నాడు. తిప్పి వెనకవైపు చూశాడు. పీచు పీచుగా, తోలు లోపలివైపు ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. వాసన చూశాడు. కళ్లు మూసుకుని దాని మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు. ఒకచోట వేలు ఆగింది. ఆ చోటును కిటికీ వెలుతురుకు పట్టి మమ్మల్ని దగ్గరికి రమ్మన్నాడు. వేలెడు పొడవున ఒక వంకర గీత. దానికి రెండు పక్కలా తోలు కొంచెం ముడుచుకుని ఉంది.

"గిది చూసిండ్రా? ముండ్ల తీగె గీస్కపోయిన దెబ్బ. పశువు బతికున్నప్పుడు తగిలింది, బతికున్నప్పుడే మానింది. సచ్చినంక కోస్తే గిట్ల మూసుకోదు. గిసొంటి మచ్చ ఎవడన్న కావాలని జేస్తడా? అమ్మెటోడు మచ్చను దాస్తడు గని పెడ్తడా? గిది తోలే."

అయ్యగారు, అంటే మా పాస్టరు, సంతోషంగా చేతులు కలిపారు. "పెద్దాయన సాక్ష్యం చెప్పిండు. ఇగ ఎవరికీ అనుమానం వద్దు," అన్నారు.

సరదాకు అన్న మాటే. కానీ మా పెద్దబాపుకు సాక్ష్యం అనే మాట సరదా మాట కాదు. చిన్నప్పుడు సండే స్కూల్లో అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ దగ్గర ఆయన మమ్మల్ని ఎంతసేపు నిలబెట్టేవాడో నాకు గుర్తుంది. దొంగతనం ఆజ్ఞను ఊరికే దాటించి, దీని దగ్గర మాత్రం ఆపేవాడు. దొంగిలించినది తిరిగి ఇవ్వొచ్చు, చెప్పిన మాట తిరిగి రాదు అనేవాడు.

కుట్టే పని కూడా ఆయనే తీసుకున్నాడు. చాలా ఏళ్ల తరువాత తోలుకు బెజ్జం వేసే ఆరెను బయటికి తీసి నూనె రాశాడు. నేను పక్కన కూర్చుని దారానికి మైనం పడుతున్నాను. ముక్కలు అరుగు మీద పరచమన్నాడు. మొదటిది పరిచాను, రెండోది పరిచాను.

"బిడ్డా, పై ముక్కనే మల్ల తెచ్చి పెట్టినవా?"

"లేదు పెద్దబాపూ, గిది వేరే."

రెండో ముక్క మీద కూడా ఆ వంకర గీత ఉంది. మొదటి దాని మీద మధ్యలో, దీని మీద అంచుకు దగ్గరగా. మూడో ముక్క మీద కత్తెర దాన్ని సగానికి కోసింది. నాలుగో దాని మీద మళ్లీ నిండుగా. గీత పైన ఈగలు కుట్టిన చుక్కలు కొన్ని, వాటి పక్కన చిన్న ముడత, ఎక్కడ చూసినా అదే వరుసలో. పెద్దబాపు ఒక్కోదాని మీద బొటనవేలు పెట్టి చూశాడు. చివరి దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఒక్క పశువుకు ఒక్కటే తోలుంటది," అన్నాడు.

ఆరెను గుడ్డలో చుట్టాడు. చొక్కా వేసుకుని నేరుగా అయ్యగారింటికి పోయాడు.

ఈ సంగతి మర్నాటికి అందరికీ తెలిసింది. ముక్కలు తెచ్చినామె మా ఇంటి మీదికి వచ్చింది.

"ఏందన్నా, మొన్న తోలంటివి, నేడు కాదంటివి! నా కొడుకును దొంగను జేస్తివి గదా సంఘంల!"

"నీ కొడుకును నేనేమన్లేదు చెల్లె. తప్పు జెప్పింది నేను."

"దుబాయిల వాడు మోసపోయిండనుకో. కోరుట్లల కూసోని నువ్వెట్ల మోసపోయినవ్? ఇంత తోలు తొక్కినోనివి!"

"గదే నాక్కూడ తెలుస్తలేదు," అన్నాడు పెద్దబాపు. తిట్టడానికి వచ్చిన మనిషి నీళ్లడిగి తాగి పోయింది.

తరువాతి ఆదివారం ప్రభువు బల్ల. వరుసలు లేస్తున్నాయి, పోయి వస్తున్నాయి. మా వరుస లేచింది. పెద్దబాపు లేవలేదు. నేను భుజం తట్టాను. తల అడ్డంగా ఊపాడు. నాకు తెలిసి ఆయన బల్ల తీసుకోకపోవడం అదే మొదలు. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా మంచం దగ్గరికి తెప్పించుకున్న మనిషి.

ఆరాధన అయ్యాక అయ్యగారే ఆయన దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "తెలిసి చెప్పిన అబద్ధం కాదు గద పెద్దాయనా. తన సిలువ గాయాన్ని వేలితో తాకి చూసి నమ్మిన శిష్యుణ్ని ప్రభువు వెళ్లగొట్టలేదు గద?"

"ఆయన తాకిన గాయం నిజం గాయం అయ్యగారూ. నేను తాకింది ఏందో నాకు తెల్వది. ఎవడో కూసోని, ఉలి పట్టుకొని, నా అసొంటోణ్ని మోసం జేస్తందుకు ఆ దెబ్బ చెక్కిండు. వాని అబద్ధానికి నేను దేవుని ఇంట్ల సాక్ష్యం నిలబడ్డ."

"అడిగితే క్షమిస్తడు గద."

"ఏమని అడగాలె? ఏం జూసి చెప్పిన్నో తెల్వాలె గద ముందు. తెల్వకుంట క్షమించుమంటే అది ఉత్త మాటైతది."

అయ్యగారు నా వైపు చూశారు. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతాను. రోజూ బస్సులో పోయి వస్తాను. ఆ చూపుకు అర్థం నాకు తెలిసింది.

ఒక చిన్న ముక్కను స్కూలుకు తీసుకుపోయి భూతద్దం కింద పెట్టాను. గీత లోపల, ముడతల మధ్యలో కూడా, వెంట్రుకలు మొలిచే సన్నని రంధ్రాలు కనిపించాయి. మచ్చ పడ్డచోట అవి తక్కువ, పక్కన ఎక్కువ. మచ్చ నుంచి దూరం పోయేకొద్దీ అవి వరుసకు వస్తున్నాయి. ఏ ఉలి ఇట్లా చెక్కగలదు? చెక్కగలిగినా, ఎవరూ చూడని ఆ రంధ్రాల కోసం ఏ మనిషి అంత ఓపిక పడతాడు? ఇది చెక్కిన పని కాదని మాత్రం అప్పుడే అనిపించింది. ఏ పనో తెలియలేదు. సృష్టిలో ప్రతిదానికీ లెక్క ఉందని పిల్లలకు చెప్పేదాన్ని, ఆ ముక్కను పర్సులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. బస్సులో సీటు మీద చెయ్యి పెడితే చాలు, దాని మీద మచ్చల కోసం వెతికేదాన్ని.

జవాబు సిరిసిల్లలో దొరికింది. మా చెల్లె అక్కడ ఉంటుంది. వాళ్లాయన, అంటే మా మరిది, బట్టకు రంగుల అచ్చు వేసే ఒక యూనిట్‌లో పనిచేస్తాడు. పెళ్లికి ముందు చాలా ఏళ్లు సూరత్‌లో ఉన్నాడు. క్రిస్మస్‌కు స్త్రీల సమాజం చీరలు అక్కడ వేయిద్దామని రంగులు చూడటానికి పోయాను. యూనిట్‌లో బట్ట పొడవాటి బెల్టు మీద పరుగెడుతుంటే, దాని మీద వరుసగా గొట్టాలు తిరుగుతున్నాయి. ఒక గొట్టం ఎర్ర పూలు వేస్తుంది, ఒకటి ఆకులు వేస్తుంది. గోడకు ఆనించిన ఖాళీ గొట్టాన్ని మరిది నా చేతికిచ్చాడు. నా ఎత్తు కంటే పొడుగు, కానీ కాగితం చుట్టంత తేలిక. వెలుతురుకు పడితే ఒంటినిండా సన్నని రంధ్రాలు. తిప్పి తిప్పి చూశాను.

"అతుకు ఎక్కడ పెట్టిండ్రు?"

"అతుకుండది వదినా. గిది చుట్టింది కాదు. పెరిగింది."

"పెరుగుడేంది, మొక్కనా?"

"మొక్కనే అనుకో. పెద్ద తొట్టిల పచ్చని నీళ్లుంటయి. అండ్ల నికెల్ కరిగి ఉంటది. గుండ్రటి ఉక్కు కంబం నిలువుగ దింపి కరెంటు ఇస్తరు. నీళ్లల్ల ఉన్న నికెల్ వచ్చి దాని మీద సన్నగ కూసుంటది. సాలనుకున్నంక బయటికి దీసి గుంజుతరు. బనీను ఇడిసినట్టు ఊడొస్తది."

"అంటే పూత. మా స్కూల్లో చెంచాకు రాగి పూత వేసి చూపిస్తం."

"పూత అంటుకోవాలె వదినా. గిది అంటుకోవద్దు. గంతే తేడా. పూతలైతే లోపలి సామాన్ మనది, గిండ్ల పైన పేరుకున్నదే మనది. లోపలిది మల్ల తొట్టిలకు పోతది."

పర్సు తెరిచి ఆ ముక్క తీశాను. అతను చూసి, మచ్చ మీద వేలు రాసి, నవ్వాడు. "గిది కూడ గా పనే. సూరత్‌ల మా పక్క షెడ్డుల గిదే జేస్తుండె." తొట్టి దగ్గర నిలబడి తను చూసింది చెప్పాడు. మంచి తోలు ఒకటి ఎంచుకుంటారు. నిజం తోలే. దాన్ని పరిచి దాని మీద రబ్బరు పోస్తారు. గట్టిపడ్డాక రబ్బరును ఊడదీస్తే తోలు మీద ఉన్నదంతా తిరగబడి దాని మీదికి వస్తుంది. రబ్బరులో కరెంటు పారదు కాబట్టి దాని మీద వెండిని పొగలాగా కొడతారు. దాన్ని తొట్టిలో దింపితే నికెల్ వచ్చి ప్రతి సందులోకీ దూరి పేరుకుంటుంది. అట్లా ఒకదాని నుంచి ఒకటి దించి, చివరికి ఆ నికెల్ చర్మాన్ని రోలరుకు తొడుగుతారు. రోలరు వేడిగా తిరుగుతూ షీటును నొక్కుతుంది. రోలరు ఒక చుట్టు తిరిగితే మచ్చ ఒకసారి పడుతుంది.

"మరి వెనక తోలు పీచు, తోలు వాసన?"

"తోలు షాపులల్ల మిగిలిన తుక్కు ఉంటది గద. దాన్ని పొడి జేసి, బంక కలిపి, షీటు పోస్తరు. వాసన నిజందే. రూపం నిజందే. రెండూ ఒక్క పశువువి కాదు, గంతే."

నాకు ఒక భయం పట్టుకుంది. "మచ్చను కావాలని ఉంచుతరా? జనాన్ని నమ్మించనీకి?"

"కొందరు ముందుగాల్నే మచ్చను పూడ్పిస్తరు. కొందరు ఉండనియ్యుమంటరు, ఉంటెనే తోలు లెక్క కనవడ్తదని. మీ దాని సంగతి నాకు తెల్వది."

మా చెల్లె అప్పటికే రెండుసార్లు వచ్చి పోయింది. "అక్కా, నువ్వు చీరెలు సూడనీకి వచ్చినవా, మా ఆయనకు పరీక్ష పెట్టనీకి వచ్చినవా? అన్నం సల్లగైతున్నది," అని మూడోసారి వచ్చి అరిచింది.

తిరిగొచ్చేటప్పుడు వేములవాడ దాటేదాకా ఫోన్‌లో దీని గురించే చదువుతూ కూర్చున్నాను. దీనికి ఇంచుమించు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. రష్యాలో ఒక శాస్త్రవేత్త బ్యాటరీలతో ప్రయోగాలు చేస్తూ, పలక మీద పేరుకున్న రాగి పొరను ఊడదీశాడు. పలక మీది గీతలన్నీ ఆ పొర మీద తిరగబడి ఉన్నాయి. మరొకరైతే పొరను పారేసి పలక కడుక్కునేవారు. ఆయన గీతల్ని చూశాడు. అక్కడి నుంచి పతకాలకు నకళ్లు, విగ్రహాలకు నకళ్లు వచ్చాయి. ఆ తరువాత అచ్చు పని వచ్చింది. పేర్చిన అక్షరాల పుటను మైనంలో నొక్కి, మైనం మీద పెన్సిల్ ముల్లు పొడి లాంటిది పూసి, రాగి నీళ్లలో దించేవాళ్లట. ఆ రాగి పలకతో ఎన్ని ప్రతులు వేసినా అసలు అక్షరాలు అరగవు. మన భాషలో వాక్యం అచ్చయిన పాత రోజుల్లో అట్లాంటి పలకలు వాడారో లేదో తెలుసుకోవాలని చాలా వెతికాను, దొరకలేదు. కానీ పల్లెపల్లెకూ పుస్తకం చేరాలంటే ఇట్లాంటి ఉపాయం ఏదో ఒకటి కావాలి కదా అనిపించింది.

గ్రామఫోను రికార్డులూ ఇట్లాగే. పాడిన పాట మీద మొదట పెరిగిన లోహాన్ని ఆ పనివాళ్లు తండ్రి అంటారట. తండ్రి మీద పెంచింది తల్లి. తల్లి మీద పెంచింది కొడుకు, వాడే రికార్డుల్ని నొక్కుతాడు. ఆ వంశావళి చదివి బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గడ్డం గీసే కరెంటు మిషను మీది రంధ్రాల రేకు, కారు ముందు భాగం మీది తోలు గీతలు, రాకెట్ ఇంజన్లలో అతుకు ఉండకూడని కొన్ని భాగాలు కూడా ఇట్లాగే పెంచుతారని చదివాను. మనిషి సుత్తితో కొట్టని, నిప్పులో కరిగించి పొయ్యని లోహం. చల్లటి నీళ్లలో, చప్పుడు లేకుండా, తన ముందున్న దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకునే లోహం.

ఇదంతా పెద్దబాపుకు చెప్పాను. మచ్చను కావాలని ఉంచి ఉండొచ్చన్న మాట కూడా దాచలేదు. ఆయన చివరిదాకా విన్నాడు.

"సల్లని నీళ్లల్ల లోహం పెరుగుతదా?"

"పెరుగుతది పెద్దబాపూ."

"నువ్వు జూసినవా?"

"గొట్టం చూసిన. పెరిగేది చూడలే."

"కండ్లతోని జూసి, వేలుతోని తడిమి చెప్తెనే అబద్ధమైంది బిడ్డా. ఇని చెప్తే ఇంకేమైతది?"

అందుకని చూపించాల్సి వచ్చింది. జగిత్యాలలో ఎరువుల దుకాణంలో మైలుతుత్తం కొన్నాను. నీలంగా ఉండే ఈ రాగి ఉప్పును రైతులు తెగుళ్లకు వాడతారు.

"ఏ తోటకు మేడం?" అని అడిగాడు దుకాణం అతను.

"తోట కాదు, తోలుకు."

"తోలుకు తెగులొచ్చిందా?"

"మా ఇంట్ల అదే నడుస్తున్నది," అన్నాను.

కోరుట్లలో మోటర్లు చుట్టే అతని దగ్గర రాగి తీగ ముక్కలు తెచ్చాను. కొవ్వొత్తులు కరిగించి పళ్లెంలో పోశాను. తోలు కోసం పెద్దబాపు తన పనిముట్ల సంచిని ఇచ్చాడు. కుర్రతనంలో తనే లందలో ఊని పదును చేసిన తోలు అది. దాని మూతకు నూనె రాసి, గోరువెచ్చటి మైనం మీద నొక్కి తీశాం. మైనం మీద పెన్సిల్ పొడి పూశాం. ఖాళీ పచ్చడి సీసాలో నీలం నీళ్లు, ఒకవైపు రాగి తీగ చుట్ట, ఒకవైపు మైనం ముక్క.

మొదటిసారి తొందరపడి పాత ఫోన్ చార్జరు తగిలించాను. ఒక్క పూటలో మైనం మీద ముదురు బురద పేరుకుంది. వేలు తగిలితే రాలిపోయింది.

"గిదేనా నీ తోలు?" అన్నాడు పెద్దబాపు. "మా లందల అడుగు మట్టి దీనికంటె మంచిగుంటుండె."

కరెంటు ఎక్కువైందని అర్థమైంది. చార్జరు తీసేసి టార్చిలైటు సెల్ ఒక్కటి పెట్టాను. ఈసారి తెల్లారేసరికి తీగ తగిలినచోట గులాబీ రంగులో రూపాయి బిళ్లంత రాగి అల్లుకుంది. సాయంత్రానికి అరచేయంత అయింది. పెద్దబాపు కుర్చీ తెచ్చుకుని సీసా ముందు కూర్చున్నాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే, "సప్పుడు జెయ్యకుండ్రి, పెరుగుతున్నది," అనేవాడు. చప్పుడుకూ దానికీ సంబంధం లేదని చెప్పినా వినలేదు. లందలో తోలు ఊనేటప్పుడు కూడా తొందరపెడితే పాడయ్యేదని, ఆ గుంత దగ్గర తన తండ్రి గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదని అన్నాడు. సెల్ అయిపోతే తనే షాపుకు పోయి కొత్తది తెచ్చేవాడు.

చేతికి తగిలేంత మందం వచ్చిందనిపించిన రోజు తీసి వేడినీళ్లలో ముంచాం. మైనం కరిగి తేలింది. అడుగున రాగి రేకు మిగిలింది. పెద్దబాపు దాన్ని తుడిచి, కళ్లు మూసుకుని, బొటనవేలు పెట్టాడు. రంధ్రాల మీద వేలు నడిచింది. అంచు దగ్గర ఆగిపోయింది.

కళ్లు తెరిచాడు. "గిది రంపె జారిన గీత," అన్నాడు. రంపె అంటే తోలు గీకే కత్తి. "వెంట్రుకలు గీకేటప్పుడు జారింది. మా బాపు నెత్తి మీద ఒక్కటిచ్చిండు. అది ఈ సంచి మీదనే ఉన్నదని నాకే యాదిలేదు."

సంచిని తెచ్చి వెతికాం. ఏళ్ల నూనె కింద ఆ గీత కంటికి కనిపించడం లేదు. ఎక్కడ ఉందో రాగి మీద చూసి, సంచి మీద అదే చోట వేలు పెడితే అప్పుడు తగిలింది. ఆయన ఒకసారి రాగి మీద, ఒకసారి తోలు మీద, మార్చి మార్చి వేలు పెట్టాడు. చిన్నపిల్లలు కొత్త ఆటవస్తువును చూసినట్టు చూశాడు. పొద్దు పోయేదాకా ఇద్దరం అదే పని.

చివరికి రేకును కింద పెట్టి అన్నాడు. "గట్లయితే ఆ దెబ్బ ఎవడూ చెక్కలే."

"చెక్కలే. కావాలని ఉంచిండ్రేమో గని."

"ఉంచుకోనీ. ఉన్నదాన్నే గద ఉంచిండ్రు, లేనిది పెట్టలే. యాడనో ఒక పశువు తీగెలకెళ్లి దూకింది. దెబ్బ తగిలింది, మానింది. గది నిజమే. నేను జూసింది నిజమే. తోలన్నదే తప్పు." రేకును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్కటి తప్పైతే అన్నీ తప్పనుకొని కూసున్న. ఇగ ఏమని అడగాల్నో తెలిసింది."

మర్నాడే ఆరె తీసి ముక్కలన్నీ కుట్టాడు.

తరువాతి బల్ల ఆదివారం, సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాడు. ముక్కలు తెచ్చినామె మా వెనక వరుసలో కూర్చుని కొంగు బిగించుకుంది.

"మీ అందరి ముందట గిది తోలని చెప్పిన. తోలు కాదు. తోలు పొడితోని పోసిన షీటు. దాని మీది దెబ్బ మాత్రం ఒక పశువుది, నిజంది. నేను దెబ్బను జూసి తోలన్న. అది నా తప్పు. తెచ్చిన పిలగాడు అబద్ధమాడలే. వాడూ నా లెక్కనే నమ్మిండు. గీ చెల్లె మనసు నొచ్చింది, గది కూడ నా వల్లనే." కూర్చోబోయి మళ్లీ లేచాడు. "మెత్తలు మంచిగనే ఉన్నయి. కుట్టిన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆటో ఆమె ఊరుకోలేదు. "అన్నా, గట్లయితే మా ఆటో సీటు సంగతేంది?"

"అది కూడ ఏదో ఒక పశువును జూసి నేర్చుకున్నదే," అన్నాడు. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేక పాట మొదలుపెట్టమని సైగ చేశారు.

మా వరుస లేచింది. పెద్దబాపు కూడా లేచాడు. కటకటం దగ్గర నేను ఆయన పక్కనే మోకాళ్లూనాను. రొట్టె తీసుకున్నాడు. గిన్నె వచ్చింది, తాగాడు. అయ్యగారు వరుస చివరిదాకా పోయి వచ్చారు. మేమంతా లేస్తున్నాం. ఆయన మాత్రం నుదురు చెక్కకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. అడగాల్సింది ఎంతుందో, అడుగుతూనే ఉన్నాడు. వెనక తరువాతి వరుస వచ్చి నిలబడింది. కాళ్లు మార్చుకుంటున్నారు, పిల్లలు గొణుగుతున్నారు.

ముక్కలు తెచ్చినామె వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"లేవరాదే అన్నా," అన్నది మెల్లగా. "మేం గూడ పాపాత్ములమే. జర మాకూ జాగ ఇయ్యి."